కాఫీ తోట తాతగారి జర్మన్ మౌజర్ రైఫిల్ అమ్మకానికి వచ్చింది, కొనేముందు ఏమేం చూడాలి?

అనంతపురం కుర్రోడు, మారతహళ్లి

అన్నలూ అక్కలూ, మీ సలహా కావాలి, కొంచెం పెద్ద పోస్టే ఓపిగ్గా చదవండి. నేను ఆరేళ్ళ నుంచి రేంజ్‌లో పాయింట్ టూ టూ కొడుతున్నా, లైసెన్స్ మీద అదొక్కటే ఉంది, ఇంకోదానికి చోటుంది. పాత జర్మన్ బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ చేత్తో గడియ లేపి లాగే రైఫిల్) ఒకటి నా చేతికి రావాలని చిన్నప్పటి కోరిక. మా పెదనాన్న దగ్గర ఒకటుండేది, దసరాకి ఆయుధ పూజలో పసుపు కుంకుమ పెట్టి గోడకి ఆనించేవాడు, మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆయన పోయినాక స్టేషన్‌లో డిపాజిట్ చేసినారు, మళ్ళీ దాన్ని చూసింది లేదు.

ఇప్పుడు మా ఆఫీసులో ఒక కొలీగ్, వాళ్ళది సక్లేష్‌పుర దగ్గర కాఫీ తోట, తాతగారి రైఫిల్ అమ్మేస్తామంటున్నారు. తాత పోయి పదేళ్ళైంది, ఇప్పుడు వాళ్ళ నాన్న లైసెన్స్ మీద ఉందంట. ఫోటోలు పంపినాడు. మౌజర్ 98 యాక్షన్ (బోల్ట్, అది కూర్చునే ఉక్కు భాగం కలిపి), బారెల్ మీద సూల్ అని ఊరి పేరు, ఇంకో పక్క క్రుప్ ఎస్సెన్, దాని కింద 8×57 జే అని తూటా కొలత ఉంది. కిరీటం గుర్తులు నాలుగు, ఒక్కో కిరీటం కింద ఒక్కో అక్షరం, పక్కన 3.27 అని అంకె. రెండు ట్రిగ్గర్లు. కింది ప్లేట్ మీద జింక చెక్కినారు, కొమ్ముల్లో కొమ్మ కొమ్మా కనిపిస్తుంది. అక్రోటు కర్ర, నల్ల చారలు తేనె రంగులో ఈదుతున్నట్టు ఉంటాయి. మూడున్నర లక్షలు అడుగుతున్నారు.

వాళ్ళ నాన్నతో ఫోన్లో మాట్లాడినా. మా నాయన నలభై ఏళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా వాడినాడు, ఆఖర్లో మాత్రం కాల్చినాక బోల్ట్ కొంచెం బిగుసుకునేది, అరచేత్తో కొట్టి లేపేవాడు, నూనేస్తే పోతుంది అన్నారు. తూటాలు కూడా ఒక డబ్బా మిగిలి ఉన్నాయంట, అవి ఊరికే ఇస్తామన్నారు. శనివారం చూడటానికి పోతున్నా. వేటకి కాదు, రేంజ్‌లో నెలకి పది తూటాలు కొట్టుకోవాలి, మిగతా రోజులు తుడిచి పెట్టుకోవాలి, అంతే నా ఆశ. ఏం చూడాలో, ఏం అడగాలో చెప్పండి.

పాత ఇనుము, మల్లేశ్వరం

తమ్ముడూ, నువ్వు రాసిన గుర్తులు చదివితేనే సంతోషంగా ఉంది. సూల్ అంటే జర్మనీలో తురింగియా ప్రాంతంలో ఊరు, తరతరాలుగా అక్కడ తుపాకుల పనే. మౌజర్ ఫ్యాక్టరీ అక్కడ కాదు, అది ఒబెర్న్‌డార్ఫ్‌లో నెకర్ నది ఒడ్డున. 1898లో జర్మన్ సైన్యం తీసుకున్న యాక్షన్ ఇదే. సూల్‌లో చిన్న చిన్న పనివాళ్ళు ఆ యాక్షన్లు తెప్పించుకుని బారెల్ బిగించి కర్ర తొడిగి చెక్కడం చేసి షాపులకి ఇచ్చేవాళ్ళు, అందుకే చాలావాటి మీద చేసినవాడి పేరు ఉండదు, అమ్మిన షాపు పేరు ఉంటుంది లేకపోతే అదీ ఉండదు. క్రుప్ అని ఉందని దానికోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు, అది బారెల్ ఉక్కు ఎవరిదో చెప్పే పేరు, రైఫిల్ చేసినవాడి పేరు కాదు. అమ్మేవాళ్ళలో సగం మంది క్రుప్ వాళ్ళ తుపాకీ అని నమ్మే చెప్తారు.

3.27 అంటే 1927 మార్చిలో ప్రూఫ్ హౌస్‌లో, అంటే తుపాకుల బలం పరీక్షించే చోట, పరీక్ష చేసినారని. కిరీటం కింద బీ ఉంటే మామూలుకన్నా ఎక్కువ ప్రెషర్ ఉన్న తూటా పేల్చి చూసినారని, యూ అంటే తర్వాత పరిశీలించినారని, జీ అంటే గాడులున్న బారెల్ అని, ఎన్ అంటే పొగలేని మందుతో పరీక్ష చేసినారని. 1940 నుంచి కిరీటాల బదులు గద్ద వచ్చింది. అంటే నీది రెండో యుద్ధానికి ముందుది, వేట రైఫిల్‌గానే చేసింది లాగుంది. ఇది మంచి విషయం.

పోయినప్పుడు నంబర్లు చూడు. రిసీవర్ (బోల్ట్ కూర్చునే ఉక్కు భాగం) మీద, బారెల్ మీద, బోల్ట్ పిడి మొదట్లో ఒకే నంబర్ ఉండాలి. బోల్ట్ వేరేదైతే పేరుకి మాత్రమే అది ఆ రైఫిల్ అనుకో. రంగు చూడు. ఎవరైనా పాలిషింగ్ చక్రం మీద పెట్టి మళ్ళీ బ్లూయింగ్ (ఉక్కుకి పట్టించే నీలి నలుపు రంగు) చేయించి ఉంటే అక్షరాల అంచులు సబ్బు బిళ్ళ మీద పేరు అరిగినట్టు ఉంటాయి, స్క్రూ రంధ్రాల అంచులు గిన్నెలా పల్లం పడతాయి, స్క్రూల గాడి చిరిగి ఉంటుంది. అరిగిన అసలు రంగు వెయ్యి రెట్లు నయం, నల్లగా నిగనిగలాడే కొత్త రంగు కింద తుప్పు గుంటలు దాచి ఉంటారు.

బారెల్ లోపల చూసేది చాలా ముఖ్యం. ముందే ఫోన్ చేసి చెప్పు, బారెల్లో నూనె వేయొద్దు తుడవొద్దు ఉన్నది ఉన్నట్టు తెండి అని. నూనె పూసిన బారెల్ లోపల అద్దంలా మెరుస్తుంది, గుంటలన్నీ నూనెతో నిండి కనపడవు. నీతో పొడి గుడ్డ ముక్కలు తీసుకుపో, బోల్ట్ తీసేసి వెనక నుంచి నాలుగైదు గుడ్డలు తోసి ఆరినాక ఆకాశం వైపు పెట్టి చూడు. పాత తూటాల ప్రైమర్లో (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ) ఉప్పు జాతి మందు ఉండేది, కాల్చినాక ఆ ఉప్పు బారెల్లో మిగిలి తేమ పీల్చుకుంటుంది. వేడినీళ్ళతో కడగాలి, ఉత్త నూనెతో పోదు. సక్లేష్‌పుర వానలకి మూడు నెలలు బట్టలే ఆరవు, ఇంక బారెల్ సంగతి ఏం చెప్పాలి. జర్మన్లు 1920ల చివర్లో తుప్పు పట్టించని ప్రైమర్ తెచ్చినారు కానీ ఇక్కడ తోటల్లో ఏ తూటా వాడినారో ఎవరు చెప్తారు. చివర మూతి దగ్గర గాడులు చుట్టూరా సమానంగా ఉన్నాయా, ఒక పక్క అరిగినాయా చూడు, ముందు నుంచి రాడ్ పెట్టి తోమితే అక్కడే అరుగుతుంది.

కేజీఎఫ్ పిల్లోడు

అన్నా మధ్యలో వస్తున్నా ఏమనుకోకండి. 8×57 తూటాలు మన దగ్గర దొరకడం కష్టం కదా, పాయింట్ 315 కూడా ఎనిమిది ఎంఎం అంటారు, మా మామ దగ్గర ఉంది అది, ఆ తూటా దీంట్లో వాడుకోవచ్చా?

మైక్రోమీటర్ బాబాయ్, పీణ్య

కేజీఎఫ్ అబ్బాయికి ముందు జవాబు: వద్దు నాయనా, కలలో కూడా వద్దు. 315 ఇషాపూర్ రైఫిల్ తూటా, అసలు పేరు 8×50 మాన్‌లిషర్, అడుగున అంచు ఉంటుంది. 8×57కి ఆ అంచు ఉండదు. రెండూ ఎనిమిది అన్నంతమాత్రాన ఒకటి కావు. చాంబర్ (బారెల్లో తూటా కూర్చునే గది) వేరు, భుజం ఉండే చోటు వేరు. ఈ ఎనిమిది అనే మాటే ఈ చర్చ మొత్తంలో పెద్ద ప్రమాదం, ఇప్పుడు అనంతపురం అబ్బాయి సంగతికి వస్తా.

నాయనా, నేను ముప్పై నాలుగేళ్ళు టూల్ రూమ్‌లో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, తుపాకులు నా వ్యాపారం కాదు, కానీ లోహం గురించి నాకు తెలుసు. నువ్వు జింక బొమ్మ గురించి రెండు లైన్లు రాసినావు, అసలు చూడాల్సిన మాట మధ్యలో పడేసి ముందుకు పోయినావు. కాల్చినాక బోల్ట్ బిగుసుకునేది, అరచేత్తో కొట్టి లేపేవాడు. నాకు అది చదివినాక మిగతా పోస్టు కనపడలేదు.

మంచి స్థితిలో ఉన్న మౌజర్ 98 కాల్చినాక రెండు వేళ్ళతో లేస్తుంది. తూటా పేలినప్పుడు ఇత్తడి ఖోలు ఉబ్బి చాంబర్ గోడలకి అతుక్కుంటుంది, ప్రెషర్ దిగగానే కొంచెం వెనక్కి కుంచించుకుని వదులుతుంది. వదలట్లేదంటే మూడింట్లో ఒకటి. ఒకటి చాంబర్ లోపల తుప్పు పట్టి గరుకుగా ఉంది, ఖోలు ఆ గరుకుని పట్టుకుంటుంది. రెండోది ప్రెషర్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వస్తుంది. మూడోది ఆ ఎక్కువ ప్రెషర్ చాలాసార్లు పడి పడి, బోల్ట్ ముందున్న రెండు లగ్గులు (బోల్ట్‌ని పట్టి ఉంచే పళ్ళు) రిసీవర్ లోపల ఆనే చోట లోహం అణిగి గుంట పడింది, బోల్ట్ తిప్పితే ఆ గుంటలోంచి గట్టెక్కాలి కాబట్టి బిగుసుకుంటుంది. మొదటిదైతే బాగుచెయ్యొచ్చేమో. మూడోదైతే నూనె కాదు కదా గంగ పోసినా పోదు.

ఇంక ఆ జే సంగతి. పాత జర్మన్ రాతలో పెద్ద ఐ అక్షరం జే లాగా కనిపిస్తుంది, అది నిజానికి ఐ, ఇన్‌ఫాంట్రీ అని. 1888లో వచ్చిన తూటా గుండు 8.08 మిల్లీమీటర్లు. 1905లో సైన్యం మొనదేలిన కొత్త గుండుకి మారింది, దాని వ్యాసం 8.22, దానికి ఎస్ అని గుర్తు. ఖోలు పొడవు అదే 57, బయటనుంచి చూస్తే రెండు తూటాలూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ వేట రైఫిళ్ళు మాత్రం పాత ఇరుకు గొట్టంతో 1930ల దాకా చేస్తూనే ఉన్నారు. నీది 1927, పైన ఎస్ అనే అక్షరం లేదు. అంటే నూటికి తొంభై పాళ్ళు ఇరుకుది. దాంట్లో గాడుల అడుగు కొలత 8.07 దగ్గర ఉంటుంది, ఎస్ బారెల్‌లో 8.20. ఎస్ తూటాని ఇరుకు బారెల్‌లో పేలిస్తే 0.14 మిల్లీమీటరు లావు ఎక్కువున్న గుండు సన్న గొట్టంలోకి బలవంతంగా దూరాలి. అంతేనా అనిపిస్తుంది మామూలు మనిషికి. మా టూల్ రూమ్‌లో 0.02 మిల్లీమీటరు ఎక్కువైతే షాఫ్ట్ బేరింగ్‌లోకి సుత్తితో కొట్టినా పోయేది కాదు. పైగా ఖోలు మెడ కూడా లావవుతుంది, చాంబర్‌లో మెడ ఉబ్బటానికి చోటు లేకపోతే గుండుని గట్టిగా పట్టేసుకుంటుంది, అప్పుడు ప్రెషర్ ఎక్కడికి పోతుందో ఆలోచించు. బోల్ట్ వెనకాల నీ కన్ను ఉంటుంది నాయనా.

కాబట్టి ఇలా చెయ్. ఇంటికి పోయి చూడొద్దు. వాళ్ళ నాన్నని రైఫిల్ తీసుకుని లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికి రమ్మను, ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే మనిషి) ఉన్న చోటికి. ఖాళీగా బోల్ట్ ఇరవైసార్లు నెమ్మదిగా తెరిచి మూసి చూడు, పైకి లేపేటప్పుడు మొదట్లో చిన్న మెట్టు ఎక్కినట్టు చేతికి తగులుతుందా చూడు, కళ్ళు మూసుకుని చెయ్యి, చేతికి బాగా తెలుస్తుంది. మెత్తటి సీసం ఉండకి నూనె రాసి దాన్ని బారెల్ గుండా ఇత్తడి రాడ్‌తో తోయించు, బయటకి వచ్చినాక గాడుల గుర్తుల మీద మైక్రోమీటర్ పెట్టి కొలిపించు. నాలుగు గాడులైతే ఎదురెదురుగా ఉంటాయి, కొలవటం తేలిక. 8.07, 8.08 వస్తే ఇరుకుది. ఆ ఆర్మరర్ దగ్గర హెడ్‌స్పేస్ గేజ్ (మూసిన బోల్ట్‌కీ తూటాకీ మధ్య ఖాళీ కొలిచే ఉక్కు దిమ్మ) ఉంటే గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, నో గో మీద మూసుకోకూడదు, మూసుకుంటే ఆ ఖాళీ మరీ ఎక్కువైందని. ఎక్స్‌ట్రాక్టర్ (ఖోలుని బయటకి లాగే కొక్కెం) తీసేసి, వేలితో తేలిగ్గా తిప్పి చూడమను, బలం పెట్టొద్దు.

తాతగారు కాల్చిన ఖాళీ ఖోళ్ళు ఇంట్లో ఎక్కడైనా ఉన్నాయేమో అడుగు. పల్లెల్లో ఖాళీ ఖోలు పారేయరు, పిల్లలు ఈల ఊదుకుంటారు. నాలుగు దొరికితే చాలు, ప్రైమర్ బిళ్ళ గుండ్రటి అంచు పోయి చపాతీలా అణిగి ఉందా, అడుగుకి కొంచెం పైన చుట్టూ మెరిసే గీత ఉందా చూడు. అన్నిటికన్నా ముందు, ఊరికే ఇస్తామన్న ఆ డబ్బా మీద ఏం రాసుందో, తూటా అడుగున ఏ అక్షరాలున్నాయో ఫోటో తెప్పించు. ఇవాళే తెప్పించు.

వడ్రంగి వారి అమ్మాయి, పెరంబూరు, చెన్నై

బాబాయ్ గారు లోహం సంగతి చెప్పినారు, నేను కర్ర సంగతి చెప్తా. మా నాన్న చెన్నైలో ఒక తుపాకుల షాపుకి ముప్పై ఏళ్ళు కర్రలు సరిచేసి ఇచ్చేవారు, స్కూల్ అయినాక నేను పక్కన కూర్చుని ఉప్పుకాగితం పట్టేదాన్ని.

అక్రోటు చారలు చూసి మనసు పారేసుకోవద్దు తమ్ముడూ, అందం కోసం తీసుకున్న చెక్కలోనే ఒక్కోసారి మెడ దగ్గర పొర అడ్డంగా పోతుంది, అక్కడే విరుగుతుంది. ఎడమచేత్తో ముందుభాగం, కుడిచేత్తో మెడ పట్టుకుని కొంచెం మెలిపెట్టినట్టు ఒత్తి చెవి దగ్గర పెట్టుకో. పగులుంటే సన్నగా కిర్రుమంటుంది. రిసీవర్ తోక కర్రలోకి దిగే చోట, సరిగ్గా దాని వెనకాల వెంట్రుకంత గీత ఉందా చూడు. దాన్ని చాలామంది కర్ర గీత అనుకుంటారు. వేలిగోరు అడ్డంగా గీస్తే తెలుస్తుంది, కర్ర చార గోటికి తగలదు, పగులు తగులుతుంది.

ఆ పగులు ఎందుకొస్తుందో చెప్తా. పేలినప్పుడు వెనక్కి తన్నే బలమంతా రిసీవర్ కింద ఒక చిన్న లగ్ మీదుగా కర్రకి పోతుంది. తొంభై ఏళ్ళు నూనె కారి కారి అక్కడ చెక్క నల్లబడి మెత్తబడుతుంది, నాన్న దాన్ని నానిన రస్కు అనేవారు. అది నొక్కుకుపోతే బలం తోక మీద పడి కర్ర చీలుతుంది. రైఫిల్ ఎప్పుడూ బారెల్ పైకి పెట్టి మూలకి ఆనించి ఉంచే ఇళ్ళల్లో నూనె అంతా కిందికి దిగి సరిగ్గా అక్కడే చేరుతుంది. ఆర్మరర్‌తో కర్ర విప్పించి లోపల చూడు. స్క్రూ తిప్పడానికి సరిపోయే బిట్ లేకపోతే విప్పొద్దని చెప్పు, గాడి చెడిపోతే మళ్ళీ అలాంటి స్క్రూ దొరకదు.

కాగితాలు ముందు, చెన్నై

అందరూ రైఫిల్ చూడమన్నారు, నేను రైఫిల్ కన్నా ముందు లైసెన్స్ పుస్తకం చూడమంటా. తాతగారు పోయి పదేళ్ళైంది అన్నావు. లైసెన్స్‌దారు పోతే తుపాకీ ఇంట్లో ఉంచుకోకూడదు, స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చెయ్యాలి, వారసుడి పేరు మీద లైసెన్స్ వచ్చినాకే తెచ్చుకోవాలి. వాళ్ళ నాన్న పుస్తకంలో ఇదే రైఫిల్ ఇదే నంబర్‌తో ఎక్కి ఉందా, బోర్ (గొట్టం కొలత) ఏమని రాసుంది, రెన్యూవల్ ఉందా, యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు నంబర్ ఉందా చూడు. పుస్తకంలో ఒక అంకె, బారెల్ మీద ఒక అంకె ఉంటే ముందు అది సరిచేయించుకుని రమ్మను, తర్వాతే మాట్లాడు. డబ్బులిచ్చినాక ఎవరూ సరిచేయరు.

అమ్మేవాళ్ళు ఫలానా వాళ్ళకి అమ్ముతున్నామని రాతపూర్వకంగా కలెక్టర్‌కో స్టేషన్‌కో తెలపాలి, తెలిపిన రోజు నుంచి 45 రోజులు ఆగాలి, ఆయుధ చట్టంలో ఉంది. నీ వైపు బెంగళూరు ఇన్ఫాంట్రీ రోడ్ పోలీస్ కమిషనర్ ఆఫీసులో నీ లైసెన్స్‌లో ఈ బోర్‌కి అనుమతి ఉండాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండే తుపాకులు, ఇది కొంటే నీకు ఇంకోటి ఉండదు, కాబట్టి ఆ రెండో చోటు దేనికి ఇస్తున్నావో బాగా ఆలోచించు. ఆ తూటాలు ఊరికే ఇస్తామన్నా తీసుకోకు, తూటాలకి కూడా లెక్కుంటుంది, నీ లైసెన్స్‌లో ఎక్కని బోర్ తూటా నీ బ్యాగ్‌లో ఉంటే అది నేరం.

అనంతపురం కుర్రోడు, మారతహళ్లి

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. శనివారం అయిపోయింది, జరిగింది జరిగినట్టు రాస్తా.

బాబాయ్ చెప్పినట్టు ఆ రోజే డబ్బా ఫోటో అడిగినా. రాత్రి పదకొండుకి వచ్చింది. పాత అట్టపెట్టె, మూలలు చిరిగినాయి, దాని మీద స్పష్టంగా 8×57 ఐఎస్ అని ఉంది, అంటే ఆ లావు గుండుది. ఇరవైకి పదకొండు మిగిలినాయి. ఆ ఫోటో చూసి నాకు నిద్ర పట్టలేదు.

కాగితాలు బాగున్నాయి, వాళ్ళ నాన్న పుస్తకంలో నంబర్ సరిగ్గా ఎక్కి ఉంది. డీలర్ దగ్గర ఆర్మరర్ తమిళాయన, డెబ్భై దాటినాయన, రైఫిల్ చేతికి తీసుకోగానే అబ్బా అన్నారు. ఫోటోల కన్నా అందంగా ఉంది. నంబర్లు మూడుచోట్లా ఒకటే. రంగు అసలుదే, బోల్ట్ పిడి దగ్గర అరిగి వెండిలా తేలింది. సేఫ్టీ రెక్క మూడు చోట్లా సరిగ్గా ఆగుతుంది, వెనక ట్రిగ్గర్ సెట్ చేసి (అది నొక్కితే ముందుది తేలికవుతుంది) ముందుది తాకితే గాజు విరిగినట్టు పడింది, సెట్ చేసి పక్కన తట్టినా పడలేదు. అప్పటిదాకా నా మనసులో కొనేసినా.

తర్వాత పొడి గుడ్డలు తోసినాం. మూడో గుడ్డకి ఇటుకపొడి రంగు వచ్చింది. చాంబర్ నుంచి ముందుకి జానెడు దూరం గుంటలు, ఆపైన పర్లేదు. సీసం ఉండ తోయించి కొలిపించినా, 8.08. ఆర్మరర్ రెండుసార్లు కొలిచి పుస్తకంలో రాసుకున్నారు. ఖాళీగా బోల్ట్ తిప్పితే నాకేం తెలియలేదు, కళ్ళు మూసుకుని చేస్తే మాత్రం లేపేటప్పుడు మొదట్లో చిన్న తడబాటు, తలుపు గడియ గుమ్మానికి తగిలినట్టు. నో గో గేజ్ పెట్టినారు. బోల్ట్ మూసుకుపోయింది. ఏ బలమూ పెట్టలేదు, ఒక వేలితోనే పడిపోయింది. ఆ చప్పుడు నాకు ఇంకా వినపడుతుంది.

కొలీగ్ వాళ్ళ నాన్న జేబులోంచి రెండు ఖాళీ ఖోళ్ళు తీసినారు, నేను అడిగినానని తెచ్చినారు పాపం. ప్రైమర్లు బాబాయ్ చెప్పినట్టే చపాతీలు, ఒకదాని మధ్యలో చిన్న రంధ్రం కూడా ఉంది. ఆర్మరర్ ఆయనకి అంతా కన్నడలో నెమ్మదిగా చెప్పినారు, మీ నాయనగారు ఎన్నేళ్ళు వేరే తూటా వాడినారో, ఆ మౌజర్ యాక్షన్ గట్టిది కాబట్టి, బోల్ట్‌కి వెనక మూడో లగ్ ఉంది కాబట్టి, గ్యాస్ బయటకి పోవడానికి బోల్ట్‌లో రంధ్రాలు పెట్టినారు కాబట్టి ఆయన కన్నుకి ఏమీ కాలేదు అని. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, నాయన ఆఖరి రెండేళ్ళు దీన్ని నాకు నేర్పిస్తానని పిలిచేవాడు, నాకే తీరిక లేక పోలేదు అని.

వడ్రంగక్క చెప్పిన పగులు కూడా ఉంది, తోక వెనకాల, గోటికి తగిలింది, అక్కడిదాకా వచ్చినాక దాని గురించి ఎవరం మాట్లాడలేదు.

నేను కొనట్లేదు. ధర తగ్గిస్తామన్నారు, లక్షన్నరకి కూడా ఇస్తామన్నారు, కానీ నేను కాల్చుకోవడానికి తీసుకుంటున్నా, గోడకి కాదు. ఇది ఇంక కాల్చకూడదు. ఆయన కూడా దాన్ని ఎవరికీ అమ్మనన్నారు. ఆ పదకొండు తూటాలూ ఆయన లైసెన్స్ మీదే డీలర్ దగ్గర అప్పగించేసినారు, నా కళ్ళముందే.

మైక్రోమీటర్ బాబాయ్, పీణ్య

మంచి పని చేసినావు నాయనా. ప్రైమర్‌లో రంధ్రం అన్నావు చూడు, అది చదివి కుర్చీలోంచి లేచినా. బారెల్ మార్చి కొత్తది వేయిస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా ఆ పెద్దాయనకి చెప్తే, వద్దని చెప్పు. అణిగింది రిసీవర్‌లో లోహం. పైన ఉండే గట్టి పొర పలచగా ఉంటుంది, అది దాటి కింది మెత్తటి ఉక్కు దాకా అణిగిందంటే అక్కడ రుద్ది సరిచేస్తే ఉన్న గట్టి పొర కూడా పోతుంది.

వడ్రంగి వారి అమ్మాయి, పెరంబూరు, చెన్నై

తమ్ముడూ, ఆ పెద్దాయన దాన్ని ఇంట్లోనే ఉంచుకుంటానంటే కర్ర నాకు పంపించమను, కర్ర ఒక్కటే, లోహం వద్దు. మెడ పగులు అతికించి లోపల నూనె లాగి ఇస్తా, డబ్బులొద్దు. అలాంటి చెక్క చీలిపోతూ ఉంటే నాకు బాధగా ఉంటుంది.

అనంతపురం కుర్రోడు, మారతహళ్లి

అక్కా ఆయనకి ఇప్పుడే చెప్పినా, మీ నంబర్ అడుగుతున్నారు, మెసేజ్ చేస్తా.

బాబాయ్, ఇంకో మాట. ఆ ఆర్మరర్ గారు చెన్నైలో ఒక 7×57 ఉందన్నారు, రిగ్బీ అనే ఇంగ్లీషు తుపాకుల కంపెనీ వాళ్ళు 275 అని పేరు పెట్టిన తూటా అదే కదా, ఒబెర్న్‌డార్ఫ్‌లోనే చేసిన రైఫిల్ అంట, తూటాల డబ్బా ఏమీ లేదంట. వచ్చే నెల చూడటానికి పోదామనుకుంటున్నా, మీరు వస్తారా?

మైక్రోమీటర్ బాబాయ్, పీణ్య

వస్తా. పొద్దున ఆరింటి బండికి టికెట్ తియ్, మైక్రోమీటర్ నేను తెస్తా, సీసం ఉండ నువ్వు తే. బారెల్లో నూనె వేయొద్దని వాళ్ళకి ఇవాళే ఫోన్ చెయ్.